విన్నవాళ్ళకే పరీక్ష

“నిద్రపోయావా?” మాస్టారి గొంతు తలుపు దాటి వరండాలోకి వచ్చింది.

“అవును సార్. రెండో పాటకే కునుకు పట్టేసింది.”

“అయితే ఈ ఏడు పరీక్షకి కూర్చోవు. వెళ్ళు.”

బొండాం బయటికొచ్చాడు. తన వంతు కోసం నిలబడ్డ కోకిల వాణ్ణి పక్కకి లాగాడు. కోకిల అన్న బిరుదు క్లాసువాళ్ళిచ్చింది, తన కూత తప్ప ఇంకెవరిదీ వినడని.

“నిజం చెప్పావట్రా, పిచ్చి మొహమా?”

“కచేరీకి వెళ్ళానుగా. నువ్వు అదీ లేదు.”

“పక్కవాడి పాట వింటే మన బాణీ చెడిపోతుందిరా.”

నిన్న సాయంత్రం మాస్టారికి సంగీతం నేర్పిన గురువుగారి కచేరీ. వినని విద్యార్థికి పరీక్ష లేదని మాస్టారు ముందే చెప్పారు. కోకిల సినిమాకి వెళ్ళాడు. పరీక్ష తప్పితే పాట మాన్పించి సిమెంటు కొట్లో కూర్చోబెడతానని వాళ్ళ నాన్న ఎప్పుడో తేల్చేశాడు.

లోపల మాస్టారు పెన్ను పట్టుకుని ఉన్నారు.

“ప్రధానంగా ఏ రాగం?”

“కల్యాణి సార్.” ఏ కచేరీలోనైనా కల్యాణి ఎక్కడో ఒకచోట తగలకపోదు.

“ఎలా పాడారు?”

“నెమ్మదిగా ఎత్తుకున్నారు. పైస్థాయికి వెళ్ళేసరికి ఒళ్ళు జలదరించింది.”

మాస్టారు ఏదో రాసుకున్నారు. మార్కులేమోనని కోకిల మెడ సాచి చూశాడు.

“వయొలిన్?”

“కాస్త వెనకబడింది సార్.” ఈ మాట కాదనే గాయకుడు ఇంకా పుట్టలేదు.

“జనం?”

“కిక్కిరిసిపోయారు. చివర్లో అందరూ లేచి నిలబడ్డారు.”

“గొంతు ఎక్కడైనా జీరపోయిందా? పెద్దవారు కదా.”

ఇదే ఉచ్చు అనుకున్నాడు కోకిల. “ఒక్కచోట సార్. దాన్నీ గమకంలా మలిచేశారు.”

మాస్టారు పెన్నుకి మూత పెట్టారు. “చెవులంటే ఇవీ. బొండాం గాడికీ ఉన్నాయి, కళ్ళజోడు తగిలించుకోవడానికి. నువ్వు పరీక్షకి కూర్చోవచ్చు.”

కోకిల వంగి దణ్ణం పెట్టాడు. ఆ సినిమా ఇంకోసారి చూడొచ్చనుకుంటూ లేవబోయాడు.

“ఆగు.”

మాస్టారు తలుపు గడియ పెట్టి వచ్చారు. ఫోన్ చేతిలోకి తీసుకుని, గొంతు బాగా తగ్గించారు.

“మళ్ళీ మొదట్నుంచి చెప్పు, ముందు వరసలో కూర్చుని విన్నానని గురువుగారికి చెప్పాలి.”