అమ్మ నిమిషం

బడులన్నీ ఫ్రిజ్ తలుపుల మీది తెరల్లోకి వచ్చేశాక విశాలికి వేసవి అంటేనే దడ. తన ముగ్గురు పిల్లలు ఏడాదంతా ఇంట్లో ఏం నేర్చుకున్నారో మే నెలలో తలుపు తెర మీది మర పంతులు అడుగుతాడు. ముగ్గురిలో ఒక్కరు తప్పినా ముగ్గురికీ సెలవులు రద్దు. ఆ సెలవులు పిల్లలకన్నా విశాలికే ఎక్కువ అవసరం.

పెద్దవాళ్లిద్దరూ ఎక్కాలూ పద్యాలూ అప్పజెప్పి గట్టెక్కారు. ఐదేళ్ల మిహిర వంతు వచ్చింది.

"నిమిషానికి ఎన్ని సెకన్లమ్మా?" అన్నాడు పంతులు.

మిహిర ఎదురు ప్రశ్న వేసింది. "అమ్మ నిమిషమా, గడియారం నిమిషమా?"

వడియాల పిండి కలుపుతున్న విశాలి చెయ్యి ఆగిపోయింది.

"రెండూ చెప్పు."

"గడియారం నిమిషానికి అరవై. అమ్మ నిమిషంలో అయితే పప్పు ఉడికిపోతుంది, బట్టలు ఆరిపోతాయి, నాకు నిద్ర కూడా వచ్చేస్తుంది."

ఆ ఇంట్లో ఏడాదంతా విన్న మాటలన్నీ పంతులు ఒకసారి తిరగేసి చూసుకున్నాడు.

"నిజమే. పూర్తి మార్కులు. విశాలిగారూ, సెలవులకి వేలిముద్ర వేస్తారా?"

"ఒక్క నిమిషమండీ, చేతులనిండా పిండి!"

"అయితే రేపు వేద్దురుగాని లెండి," అని పంతులు దీపం ఆర్పేసుకున్నాడు.