చినెలో గ్లాసు

“అడుగున మిగిలింది,” అంది చినెలో.

మాదుకా గ్లాసులోకి చూశాడు. ముదురాకుపచ్చ రసం, దాని మీద నురుగు. అందరూ పులుసులో వేసుకునే ఒనుగ్బు ఆకే అది. ఎనుగు పట్నంలో ఏ ఇల్లాలైనా ఆ ఆకును నీళ్ళు మార్చి మార్చి, చేదు విరిగేదాకా పిసికి కడుగుతుంది. చినెలో మాత్రం కడగకుండానే రోట్లో దంచి, పిండి, పొద్దున్నే మొగుడి చేతిలో పెడుతుంది. అతను కళ్ళు మూసుకుని మిగిలింది కూడా మింగాడు. 

ఇంక చాలదా అని అడిగాడు.

“ఆ చేదులోనే ఉందట అంతా. పాలీఫినాల్స్,” అందామె. చర్చి ఆడవాళ్ళ ఫోన్లలో తిరుగుతున్న మాట అది. చినెలో దాన్ని ఏ పునీతుడి పేరో పలికినంత భక్తిగా పలుకుతుంది. “క్యాన్సర్ని మాడ్చేస్తాయట. పెళ్ళిలో ఫాదర్ ఏమన్నాడు? ఇద్దరిదీ ఒకే శరీరం అనలేదూ? నువ్వు తాగుతుంటే చేదు నా నోట్లోనే ఉంటుంది, ఎబుబే నాన్నా,” అంది బిడ్డ పేరు పెట్టి పిలుస్తూ.

అతనికి ఒళ్ళు మండింది. అయినా ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు. మాంసం బంద్, బీరు బంద్, గ్లాసు ఖాళీ అయితేనే గురువారం ఆసుపత్రి. ఆ ఇంట్లో ఇప్పుడు నడిచే చట్టం అదే.

డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆకుల్లో, టీలో, కోకోలో ఉండే ఆ పదార్థాలు గాజు పళ్ళెంలో క్యాన్సర్ కణాలను అడ్డుకున్న మాట నిజమేనట. మనిషి ఒంట్లో అంత పనీ చేస్తాయని మాత్రం ఇంకా తేలలేదట. పులుసులో ఎంతైనా తినండి, మందు ఎక్కించుకునే మనిషి మాత్రం ఇలా గ్లాసుల కొద్దీ రసం తాగకూడదు అన్నాడు. చినెలో బుద్ధిగా తలూపింది. మర్నాడు పొద్దున మళ్ళీ రోటి చప్పుడు వినబడింది.

ఒకసారి అతను రసాన్ని పెరట్లో బొప్పాయి మొదట్లో పారబోశాడు. ఆమె కంటపడింది. ఆ గురువారం ఆసుపత్రి లేదు. బతిమాలాడు, అరిచాడు, చివరికి సిగ్గు విడిచి ఏడ్చాడు. ఆమె మెత్తబడలేదు. తర్వాతి వారం డాక్టరు అతన్ని పట్టుకుని చీవాట్లు పెట్టాడు. ఇంకోసారి తప్పితే తన చేతుల్లో ఏమీ ఉండదన్నాడు. అప్పటినుంచి మాదుకాకు గ్లాసు కంటే గురువారమంటేనే భయం.

బజార్లో మాదుకా పక్క కొట్టువాడు ఎజికే మధ్యాహ్నం మేకమాంసం చారు గిన్నె అతని ముందుకు తోశాడు.

“ఆ జారిపోతున్న ప్యాంటు మీ అన్నయ్యదా?”

“నాదే.”

“ఊళ్ళో మేకలన్నీ నిశ్చింతగా తిరుగుతున్నాయిరా నీ పుణ్యమా అని. ఒక్క ముక్క తిను. ఆమె ఇక్కడుందా ఏంటి?”

“నోరు వాసన చూస్తుంది.”

“చూస్తే?”

“గురువారం పోతుంది.”

ఎజికే మొహంలో నవ్వు పోయింది. గిన్నె మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

సరుకు తెచ్చే వంకతో నాలుగు రోజులు ఒనిచా పట్నానికి పారిపోదామని కూడా అనుకున్నాడు మాదుకా. లారీ ఎక్కి కూర్చున్నాడు కూడా. కానీ పొద్దున్నే నిండుగా ఉండిపోయే గ్లాసు కళ్ళముందు మెదిలి, బండి కదలకముందే దిగేశాడు. తలుపులు బార్లా తెరిచి ఉన్న జైలు అది. చదువుకున్న మొండితనమైతే వాదించి గెలవొచ్చు, భయపడ్డ మొండితనంతో ఎవడు గెలుస్తాడు? ఈ ఇంటి గడప చావు తొక్కకుండా ఉంటే చాలు, ఇంకా ఎంత చేదైనా మింగుతాననుకున్నాడు.

గురువారం వచ్చింది. ఆసుపత్రి వార్డులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నర్సు మందు సీసా స్టాండుకు తగిలించి, సూది పట్టుకుని వాళ్ళ ముందుకొచ్చి నిలబడింది. 

చినెలో అతని మొహంలోకి తేరిపార చూసింది.

“పొద్దుటిది మొత్తం తాగావు కదా?”

“తాగాను.”

“చుక్క మిగల్చలేదు కదా?”

“లేదు చినెలో.”

“అయితే సరే.”

సూది గుచ్చమని నర్సు వైపు తన చేయి చాపింది చినెలో.