టిక్కెట్టు లేని ఆదివారం

పదకొండేళ్ల తర్వాత మా అక్క పొలిక్సేని నా గడప తొక్కింది. వస్తూనే బల్ల మీద పురాతన తవ్వకాల స్థలం పటం పరిచింది.

"వచ్చే ఆదివారం టిక్కెట్టు ఉండదు, ఉచితం. ఎనిమిదింటికల్లా గేటు దగ్గరుండాలి. ముందు దేవత గుడి, తర్వాత నేల మీద రంగురాళ్లతో పేర్చిన బొమ్మ."

"అది ఒకప్పుడు మన ఆలివ్ తోట. దాన్లోకి నేను క్యూ కట్టి పోవాలా?"

"పోవాలిరా, స్తెర్గియోస్."

"ఆ బొమ్మ బయటపడ్డ రోజే నాన్న దాని మీద పొయ్యడానికి సిమెంటు కలిపాడు. ఊళ్లో అందరూ చేసేదే. లేకపోతే పురావస్తువాళ్లు భూమి లాక్కుంటారు. తెల్లారేసరికి వాళ్ల జీపు దిగింది. ఫోన్ చేసింది నువ్వు! కాఫీ కొట్లో ఎవర్నడిగినా చెబుతారు."

"నువ్వు చెప్పిందే చెబుతారు."

ఫోన్ నా మొహం ముందు పెట్టింది. అందులో, అక్కడ కొత్తగా పెట్టిన బోర్డు ఫొటో. 'ఈ ప్రాచీన చిత్రం సంగతి స్వయంగా తెలియజేసిన తోట యజమాని' అని రాసి, కింద మా నాన్న పేరు.

"సిమెంటు కలిపాడు. బొమ్మలో ఆ ఆడమనిషి మొహం చూసి పొయ్యలేకపోయాడు. ఆ రాత్రి తనే ఫోన్ చేశాడు. కాఫీ కొట్లో తలెత్తుకోలేనమ్మా, నింద నువ్వు మొయ్యి అన్నాడు. మోశాను."

బోర్డు మీద నాన్న పేరు మళ్లీ చదివి, ఫోన్ తిరిగిచ్చాను.

"సరే, చూశాను కదా. ఇంకా అక్కడికెందుకు?"

"చూడ్డానికి కాదు. ఉచితం కాబట్టి ఆదివారం ఊరంతా అక్కడే ఉంటుంది. ఆ బోర్డు నువ్వు పైకి చదవాలి. కాఫీ కొట్లో నన్ను తిట్టినంత గట్టిగా."