పలకని క్రేను

“ఇంకా పలకలేదా?” వన్ టౌన్ ఆఫీసులో గాజు తలుపు తీసి అడిగాడు మేనేజర్ నాగవంశీ. “అయిదింటికి పోర్టు టెర్మినల్ వాళ్ళొస్తారు. అప్పటికి అవ్వకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

నెట్‌వర్క్ ఇంజనీరు ఆశాజ్యోతి, అవతలి వైపు పలుకుతుందేమోనని మళ్ళీ పింగ్ కొట్టింది. జవాబు లేదు.

ఒకే ల్యాప్‌టాప్‌లో, నమూనాగా, ఒకదానికొకటి కనిపించని రెండు నెట్‌వర్కులు కట్టిందామె. ఒకటి కంట్రోల్ రూమ్, రెండోది క్రేను. మధ్యన ఉత్తుత్తి కేబులు. ఇక్కడ మాట కలిస్తే, రేపు హార్బర్లో నిజం క్రేను పైన మనిషి లేకుండానే కదులుతుంది. నిన్న కలిసింది. ఇవాళ పొద్దుట్నుంచీ ఉలుకూ పలుకూ లేదు.

క్రేను పని వివరించడానికి రోజూ వస్తున్న ఆపరేటర్ సత్యం పక్కనే కూర్చున్నాడు.

చివరికి ఆమె కంటబడింది. క్రేను వైపు లింకు ఎవరో ఆపేశారు. గదిలో ఉన్నది ఇద్దరే.

“బాబాయ్, నువ్వేనా?”

“నానే తల్లీ. నువ్వు టీకెళ్ళినప్పుడు ఆపీసేను. నువ్వు కొట్టేది రోజూ సూత్తన్నాను కదా.”

“ఏటి బాబాయ్ ఇది?”

“అది పలికితే నాను మరి క్రేనెక్కక్కర్లేదమ్మా. ఇరవయ్యేళ్ళుగా అదే నా పని.”

గడియారంలో నాలుగూ నలభై. ఒక్క లైను కొడితే లింకు మళ్ళీ వస్తుంది. ఆమె వేళ్ళు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

“నిన్ను నిజంగానే తీసేత్తాడా?” అడిగాడు సత్యం.

ఆమె తలూపింది.

అతను ల్యాప్‌టాప్ తనవైపు లాక్కుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. క్రేను పలికింది.

గాజు తలుపు అవతల్నుంచి తెర చూసి నాగవంశీ చప్పట్లు కొట్టాడు. పక్కకు తిరిగి సత్యం మొహం చూడ్డానికి ఆశాజ్యోతికి ధైర్యం చాల్లేదు.