ముడేసిన కంకులు

"మళ్ళీ వచ్చింది గిల్బర్టూ!"

తామ్సిన్ చేతిలో నీళ్ళ బాన అక్కడే దించేసింది.

మొక్కజొన్న చేలో, ఆ నేల మీద ముందునుంచీ ఉన్న వాంపనోగు తెగ ఆడమనిషి తిరుగుతోంది. ఈ నెలలో ఇది నాలుగోసారి.

ఎవరితోనూ మాట్లాడదు. ఒక్కో మొక్క దగ్గరా ఆగుతుంది. కంకి తడిమి చూస్తుంది. పదింటిలో ఒకదానికి పీచు కట్టి ముడేస్తుంది. దోనెక్కి పోతుంది.

"గుర్తులు పెట్టుకుంటోంది వదినా," అన్నాడు మరిది గిల్బర్ట్. "మంచివన్నీ ఏరి మరీ ముడేస్తోంది. ఏదో ఒకరోజు వచ్చి కోసుకుపోతుంది. దొంగలకి కూడా ఇంత పద్ధతుంటుందా!"



పోయిన చలికాలం ఇంగ్లండు నుంచి వచ్చి ఓడ దిగిన వందమందిలో సగం మంది పోయారు. ఆమె మొగుడూ అందులోనే పోయాడు. వాళ్ళు కొత్తగా కట్టుకున్న ప్లిమత్ ఊరు మొత్తానికి వంట చేసే ఆడవాళ్ళు నలుగురు మిగిలారు.

ఇంగ్లండు నుంచి తెచ్చి చల్లిన బఠానీ ఎండకి మాడిపోయింది. ఇక నమ్ముకోడానికి ఈ మొక్కజొన్న ఒక్కటే. ఇదీ పోతే మిగిలిన సగం మంది కూడా అంతే.

ఆ విత్తనం దొరకడం కూడా ఒక కథే. ఓడ దిగిన కొత్తలో ఆకలితో తిరుగుతూ ఒక ఇసకదిబ్బ తవ్వితే, లోపల చక్కగా అల్లిన బుట్ట. బుట్ట నిండా పసుపు, ఎరుపు, నీలం కంకులు. అందులోవే దాచి ఈ ఏడు నాటారు.

"దేవుడే మనకోసం పాతిపెట్టి ఉంచాడు వదినా," అంటాడు గిల్బర్ట్, భోజనానికి కూర్చున్నప్పుడల్లా.

"దేవుడికి బుట్టలల్లే తీరిక కూడా ఉందేంటయ్యా?" అని ఒకసారి నవ్వింది తామ్సిన్.

ఇప్పుడు నవ్వు రావడంలేదు. కర్ర పట్టుకుని చేలోకి పరిగెత్తింది.

"ఏయ్! ఇక్కడేం పని నీకు? పో!"

ఆ మనిషి బెదరలేదు. ముడేసిన కంకి చూపించింది. తర్వాత నేల చూపించింది. ఏదో ఒక్క మాట అంది. మళ్ళీ కంకి, మళ్ళీ నేల, మళ్ళీ అదే మాట.

"నేల తనదంటోంది వదినా!" అని అరిచాడు గిల్బర్ట్ వెనకనుంచి.

తామ్సిన్ మట్టిబెడ్డ తీసి విసిరింది. భుజానికి తగిలింది.

ఆమె తామ్సిన్ వైపు చూడలేదు. కంకుల వైపు ఒకసారి చూసి, దోనెక్కి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి తామ్సిన్ కాలు ఒకచోట నిలవలేదు. కుండ పొయ్యి మీద పెట్టి చేలోకి పరిగెత్తేది. చేలో ఉంటే ఇంటి దగ్గర ఏమవుతోందోనని వెనక్కి పరిగెత్తేది.

కోతలు మొదలవగానే ముందు ముడేసిన కంకులే విరిచింది. ఒక్కటి వదల్లేదు.

"శభాష్ వదినా! దానికి దక్కేకంటే మన పొట్టలో పడనీ," అన్నాడు గిల్బర్ట్. కూర్చుని అన్నీ దంచేశారు.

పంట ఇంటికొచ్చిందని మూడు రోజులు విందు పెట్టారు. వాంపనోగుల పెద్ద తొంభైమందితో వచ్చాడు. వాళ్ళే అయిదు జింకలు కొట్టి తెచ్చారు.

ఇప్పుడు నవంబరొస్తే ఆ దేశంలో ఇంటింటా టర్కీ కోడి కాల్చుకునే పండగకి మొదలు ఆ విందేనంటారు. తామ్సిన్‌కి మాత్రం ఆ మూడు రోజులూ పొయ్యి పొగే పండగ. వచ్చినవాళ్ళలో ఆ ఒక్క మనిషి కోసం ఆమె కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి.

వాళ్ళతో ఒక దుబాసీ వచ్చాడు. చేపల ఓడల మీద పనిచేసి ఇంగ్లీషు పట్టుకున్నాడు. అతనికి జావ పోస్తూ అడిగేసింది.

"ఏమయ్యా, మీ ఆడమనిషొకతె మా కంకులకి ముడులేసి పోయేదే, రాలేదా?"

"మట్టిబెడ్డతో కొట్టారట కదమ్మా. ఇక రానంది."

"వచ్చినా ఇంకేం దొరకదులే. ఆ కంకులే నువ్వు తాగుతున్న జావ!"

అతను ముంత దించాడు.

"అన్నీ దంచేశారా?"

"ఒక్క గింజ మిగిలితే ఒట్టు."

"అవి తినేవి కాదమ్మా. వచ్చే ఏటికి విత్తనం. మంచివన్నీ మీకోసం ఏరింది."

తామ్సిన్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మరి నేల చూపించి ఏదో అందే..."

"నాటుకోమని."

పక్కనే తింటున్న గిల్బర్ట్ తన జావ అవతలికి నెట్టేశాడు.

"అది కాదయ్యా," అంది తామ్సిన్. "మేము బతికితే ఏంటి, చస్తే ఏంటి ఆమెకి? మా విత్తనం గురించి ఆమెకెందుకంత బాధ?"

దుబాసీ లేచాడు. బల్ల చివర రొట్టెలు పెట్టి ఉన్న, ఆ ఇసకదిబ్బలో దొరికిన బుట్టని దగ్గరికి లాక్కున్నాడు. రొట్టెలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. ఖాళీ బుట్ట అంచు చుట్టూ వేలితో తడిమి, మెల్లగా అన్నాడు.

"ఈ బుట్ట అల్లింది ఆవిడేనమ్మా."