నిమిషానికి ముప్ఫై రెండు

మానవజాతిలో ఉన్నవి రెండే తెగలు: ఊపిరి పీల్చుకునేవారు, పీల్చిన ఊపిరిని లెక్కపెట్టుకునేవారు. వాచీలు బాగుచేసే గడియారం మాస్టారు రెండో తెగకు మకుటం లేని మహారాజు. పాతికేళ్ల ఏలుబడిలో ఆయన అనుమానించని రోగం లేదు, ఆయనకు వచ్చిన రోగమూ లేదు.

అందుకే నాలుగు రోజుల దగ్గుతో, ముఖానికి మాస్కుతో ఆయన ఆసుపత్రికి బయలుదేరితే ఇంట్లో ఎవరికీ కంగారు పుట్టలేదు.

"మొన్న గుండె, నిన్న కాలేయం, ఇవాళ ఊపిరితిత్తులు. రేపటికంటూ ఏమైనా మిగుల్చుకున్నారా?" అంది అర్ధాంగి, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

ఆసుపత్రిలో ఖాళీగా ఉన్నది ఒకటే మంచం. దాని తలవైపు గోడకు బ్యాటరీతో నడిచే ప్లాస్టిక్ గడియారం వేలాడుతోంది. సంగీత విద్వాంసుడు బూర ఊదేవాణ్ణి చూసినట్టు మాస్టారు దాన్ని ఒక్కసారి చూసి, అటు తల పెట్టి పడుకున్నారు.

నర్సు వచ్చి వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించింది. అది ఒకసారి తొంభై మూడంది, ఇంకోసారి తొంభై ఆరంది.

"వేళ్లు చల్లగా ఉన్నాయి. దీని మాట నమ్మలేం," అంటూ ఆమె మాస్టారి మణికట్టు పట్టుకుని, ధ్యానంలోకి వెళ్లినట్టు మౌనంగా నిలబడిపోయింది.

ఆమె చేతి వాచీ సరిగ్గా మాస్టారి ముక్కు కిందికి వచ్చింది. పలకల డయలు. నాలుగో అంకె దగ్గర సన్నటి గీత. మొదటి చూపుకే ఆయన ఆనవాలు పట్టారు. రెండో చూపుకు ధైర్యం చాలక కళ్లు మూసుకున్నారు.

"ముప్ఫై రెండు, డాక్టరుగారూ!" అంది నర్సు. మాస్టారి వైపు తిరిగి, "నాడి కాదు, లెక్కపెట్టింది ఊపిరి. ముందే చెబితే ఎవరూ మామూలుగా పీల్చరు," అంది.

"ఇరవై, మహా అయితే ఇరవై రెండు ఉండాలి," అన్నాడు డాక్టరు. "చేర్చుకుందాం. ఎక్స్‌రే తీయించండి. ముందు ఆక్సిజన్ పెట్టండి."

అర్ధాంగి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె చేతిలో సంచీ జారి కింద పడింది.

మాస్టారికి మాత్రం గుండె తేలికపడింది. పాతికేళ్లలో మొట్టమొదటిసారి తాను నిక్షేపంలా ఉన్నట్టు ఆయనకు రూఢిగా తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పుకునే వీలే లేదు.

మూడు వారాల కిందట ఆ వాచీని కొట్టుకు తెచ్చింది ఈ అమ్మాయే. "రోజుకు గంటలకు గంటలు వెనకబడుతోందండీ," అంది. ఆ వారం మాస్టారు గొంతులో పుండు ఉందన్న దిగులులో మునిగి ఉన్నారు. వాచీల కోసం పుట్టిన భూతద్దం కంటికి తగిలించుకుని, అద్దంలో సొంత నాలుకను పరిశోధిస్తున్నారు. ఆ మహాకార్యం నడుమ వాచీ మూత తీసి, ఉఫ్‌మని ఊది, మూసేశారు. దాని పై అద్దం తుడిచారు. వారం ఆగి, "మొత్తం విప్పి సర్వీసు చేశానమ్మా, ఇక ఢోకా లేదు," అని నిండు మజూరీ పుచ్చుకున్నారు.

ఆ వాచీకి ఒక నిమిషమంటే లోకానికి నిమిషమున్నర. ముప్ఫై రెండును ఒకటిన్నరతో భాగిస్తే ఇరవై ఒకటి. జలుబు. ఉత్త జలుబు.

ఆక్సిజన్ బుస్సుమంటోంది. అర్ధాంగి మంచం పట్టె మీద కూలబడి ఆయన పాదం పట్టుకుంది.

"నా నోరు పడిపోను! ఎప్పుడూ ఉత్తుత్తి రోగాలేనని ఎగతాళి చేశాను. ఈసారి నిజమే అయింది కదండీ..."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మాస్టారికి. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

గుమ్మం పక్క బెంచీ మీద ఒక ముసలామె దగ్గుతోంది. దగ్గు దగ్గుకూ నడుము వంగిపోతోంది. "ఇంకో గంటకు గానీ మంచం ఖాళీ కాదమ్మా," అంటున్నారు ఎవరో. ఆమె కోడలు మాస్టారి మంచం వైపు ఒకసారి చూసి, తప్పు చేసినట్టు చూపు తిప్పుకుంది.

తప్పు చేసింది ఆ పిల్ల కాదు. మాస్టారు గోడకేసి తిరిగి పడుకున్నారు. పాతికేళ్ల కొట్టు. ఊళ్లో సగం మంది మణికట్లు తన పేరు చెప్పుకుని తిరుగుతాయి. నోరు మెదపకపోతే పరువు నిలుస్తుంది. మెదిపితే ముసలామెకు మంచం దొరుకుతుంది. మళ్లీ దగ్గు వినిపించింది.

ఆయన ఆక్సిజన్ మాస్కు కిందికి లాగేసి నర్సును పిలిచారు.

"అమ్మా, ఇలా రా. నేను... గడియారాలు బాగుచేసేవాణ్ణి."

"గుర్తుపట్టాను బాబాయ్‌గారూ. ముందు మాస్కు పెట్టుకోండి."

"విను. నీ వాచీ నేను... బాగుచెయ్యలేదు. మూత తీసి ఊదానంతే. అది నడవదు... ఈడుస్తుంది." సిగ్గు కాబోలు, మాట మాటకూ ఊపిరి అందడం లేదు. "నాది ముప్ఫై రెండు కాదమ్మా. ఆ లెక్క నా పాపం. ఈ మంచం... ఆ పెద్దావిడకు ఇచ్చెయ్యండి."

మాస్టారు తల దించుకుని, కాళ్లు కిందికి దించి, చెప్పుల కోసం తడుముకుంటున్నారు.

నర్సు ఆయన్ని మెల్లగా వెనక్కి పడుకోబెట్టి, మాస్కు సర్ది, "ఈ వాచీ మీ కొట్టు నుంచి తెచ్చిన సాయంత్రమే ఆగిపోయింది బాబాయ్‌గారూ, మా అమ్మదని చేతికి ఉంచుకున్నాను గానీ, మీ ఊపిరి లెక్కపెట్టింది మీ తల వెనకున్న ఆ ప్లాస్టిక్ గడియారం చూసి," అంది.