బరువైన అక్షరాలు

మనిషి నోట వచ్చిన ప్రతి మాటా ఫైలుకెక్కే కాలమది. పోయినవాళ్ల ఫైలు పెద్దకర్మలోగా సైజు హద్దులోకి రాకపోతే మొత్తం చెరిపేస్తారు. తల్లి మాటల్లో ఒక్కటీ తీసెయ్యడానికి చేతులు రాక, నూకరత్నం ఫైళ్ల కేంద్రానికి పరిగెత్తింది.

“తెలుగు అక్షరాలు బరువమ్మా. ఇంగ్లీషులోకి మార్చేస్తే ఒక్క మాట కూడా తియ్యక్కర్లేదు,” అన్నాడు ఆపరేటరు.

“అయితే అలాగే కానియ్ బాబూ.”

క్షణంలో పనైపోయింది. నూకరత్నం ఆత్రంగా తన చిన్ననాటి పేజీ తెరిపించింది. ఏడ్చినప్పుడల్లా అమ్మ “నా బంగారు కొండా” అంటూ ఊరుకోబెట్టేది. ఆ మాట ఉండాల్సిన చోట “మై గోల్డ్ హిల్” అని ఉంది.

“మా అమ్మ మాటేదీ?”

“అన్నీ ఉన్నాయి కదమ్మా! ఎంత తేలికైపోయాయో చూడండి,” అన్నాడు ఆపరేటరు మురిసిపోతూ.